తునికాకు కొలిచిన చెవి

మా తమ్ముడికి గొర్రెలున్నాయి. ఉదయగిరి కొండ కింద నూటపాతిక గొర్రెలు, వాటి వెనక వాడు, వాడి వెనక మా మరదలి కేకలు. నేను ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఈ మధ్యే రిటైరయ్యాను. రిటైరై వారం తిరక్కుండానే వాడు నా ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. అందులో ఒక గొర్రె నడిచిపోతుంటే దాని వెనకాల ఒక దిండు ఊగుతూ పోతోంది. అది దాని తోకట!

"దీన్ని దుంబా అంటారక్కా. నిజామాబాద్ వైపు పెంచతన్నారంట. నువ్వెటూ ఖాళీయే కదా, పోయి చూసిరా. తోక ఎంత బరువుంటదో, మన ఎండకు తట్టుకుంటదో, ఎంతకు అమ్మతన్నారో అన్నీ కనుక్కోని రా" అన్నాడు.

ఖాళీ అన్నందుకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలంటే నాకూ పోవాలనే ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దేశంలోని ఊళ్ల పేర్లన్నీ కవర్ల మీద చదివాను తప్ప ఒక్కటీ చూడలేదు. బోధన్ అన్న ముద్ర ఎన్నిసార్లు చూసుంటానో! అందుకని వాణ్ణి తిట్టుకుంటూనే రైలెక్కాను.

తిరిగొచ్చి పది రోజులైంది. వాడడిగిన మూడు ప్రశ్నలకూ జవాబులు తెచ్చాను. కానీ ఇక్కడ రాయాలనుకున్నది మాత్రం తోక గురించి కాదు, చెవి గురించి. ఆ వైపు వెళ్లని వాళ్లకు అర్థం కావాలి కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

నిజామాబాద్: మూడో అంతస్తులో మంద

స్టేషన్ బయట చాయ్ తాగాను. పదిహేను రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు గ్లాసు నిండా పోస్తారు, ఇక్కడ మూడు గుటకలకే అయిపోయింది. అయితే చిక్కగా, కమ్మగా ఉంది. గొణుక్కుంటూనే రెండోది తెప్పించుకున్నాను. ఉదయం ఎనిమిది కూడా కాలేదు, మే నెల ఎండ అప్పుడే నెత్తి మాడుస్తోంది.

తమ్ముడికి వీడియో పంపిన మనిషి ఖాజాభాయి. గాజుల దుకాణం ఆయనది. తాతల కాలం నుంచీ ఆ గల్లీలోనే ఉన్నారు. కింద దుకాణం, పైన కాపురం, ఆ పై మిద్దె మీద ఆకుపచ్చ నెట్ కట్టి ఆరు దుంబాలు. మెట్లెక్కేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. "ఇవి కూడా ఈ మెట్లే ఎక్కాయా?" అని అడిగాను.

"ఎక్కుడు ఎక్కినయ్ మేడం. దించేటప్పుడే నలుగురం పట్టాలె" అన్నాడాయన.

తోక పట్టుకుని చూశాను. మా నెల్లూరు గొర్రె తోక నా చూపుడువేలంత కూడా ఉండదు. ఇది రెండు చేతులకూ నిండింది. వెచ్చగా, బరువుగా, పట్టుకుంటే లోపల జున్నులా కదిలింది. "తోక ఒక్కటే ఏడెనిమిది కిలోలు తూగుతది. మేత దొరకని దేశంల పుట్టిన జీవం గదా, తిన్నదంత గీ తోకల దాసుకుంటది" అన్నాడు ఖాజాభాయి. మామూలు పొట్టేలుకు పన్నెండు, పదిహేను వేలు పలికితే, బక్రీద్ ముందు బలిసిన దుంబాకు డెబ్బై, ఎనభై వేలు పలుకుతుందట.

దుంబా పిల్లల సంగతి అడిగితే మాత్రం నీళ్లు నమిలాడు. ఆడవాళ్లతో మాట్లాడే విషయం కాదన్నాడు. "గొర్రెల ఇంట్లో పుట్టినదాన్నయ్యా, చెప్పు" అని గదమాయిస్తే గోడ వైపు తిరిగి చెప్పాడు. ఆడదుంబాకు ఆ తోకే అడ్డం. ఎవరో ఒకరు దగ్గరుండి ఆ తోకను ఎత్తి పట్టుకుంటే తప్ప చాలాసార్లు పొట్టేలు ఏమీ చేయలేదు. మందలో వదిలేస్తే వాటంతటవే పెరిగే జాతి కాదది.

"మరి ఇక్కడ ఎవరు ఎత్తి పట్టుకుంటారు?" అన్నాను.

"ఇంకెవరు మేడం, నేనే" అన్నాడు. మెట్ల మీద నిలబడి వింటున్న ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని కిందికి పరిగెత్తింది.

మధ్యాహ్నం ఆవిడే భోజనం పెట్టింది. పెసరపప్పు ఖిచ్డీ, దాని మీదికి నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లటి ఖట్టా, పక్కన చిన్న గిన్నెలో తోక కొవ్వు ముక్కలు ఉప్పూ కారం చల్లి వేయించినవి. నూనె చుక్క వేయలేదట, దాని కొవ్వులోనే అది వేగిందట. ఒకటి చాలనుకుని నాలుగు తిన్నాను. సాయంత్రం ఆరింటి దాకా వాళ్ల ముందుగదిలో మొద్దులా నిద్రపోయాను. పరువు పోయిందనుకోండి.

వెళ్లేటప్పుడు ఖాజాభాయి ఒక మాట చెప్పాడు. "నిజంగ దుంబా సూడాలంటే కోటగిరి పోండ్రి. అక్కడ నర్సవ్వ అని గొర్లు కాసే కురుమామె ఉంది. మూడేండ్ల కింద నా దగ్గర ఒక పొట్టేలును, రెండు ఆడ గొర్రెలను కొన్నది. ఆమె ఇంట్ల పుట్టిన పొట్టేలు అసొంటిది నా దగ్గర కూడ లేదు."

కోటగిరి: కూలర్ ముందు దొర

బోధన్‌లో బస్సు మారి కోటగిరి వైపు పోతుంటే రెండు పక్కలా కాలవ నీళ్ల పొలాలే. వరి కోసేసిన మడులు, మధ్యమధ్య చెరుకు. ఊరి చివర నర్సవ్వ ఇల్లు. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వసారాలో ఒక యువకుడు అట్టముక్కతో విసురుకుంటూ చెమటలు కక్కుతున్నాడు. లోపల కొట్టంలో పెద్ద ఎయిర్ కూలర్ గుయ్యిమని తిరుగుతోంది. దాని ముందు ఒక గోధుమరంగు పొట్టేలు కళ్లు అరమూసి పడుకుని ఉంది.

"ఇంట్ల మనుషులకు ఫ్యాన్ లేదు. దొరకు కూలర్" అన్నాడు యువకుడు. నర్సవ్వ కొడుకు మల్లేశ్. ట్రాలీ ఆటో నడుపుతాడు.

నర్సవ్వకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. "రా అక్కా, నీడకు రా. గింత ఎండల ఎట్లొచ్చినవ్? గిదే మా దొర. నా చేతుల మీద పుట్టిండు" అంటూ ముంతలో చల్లటి అంబలి ఇచ్చింది. జొన్నల అంబలి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని. మా వైపు రాగి అంబలి తాగుతాం. ఇది దానికంటే పుల్లగా, ఆ ఎండకు ప్రాణం లేచొచ్చేలా ఉంది.

వాళ్లకు దుంబాలే కాదు, మామూలు గొర్రెలు నలభై దాకా ఉన్నాయి. ఇల్లు చూస్తే ఆ గొర్రెల మీదే నిలబడిన ఇల్లు. కానీ మేపడానికి జాగా లేదు. "మా అత్త కాలంల గీ దిక్కు అంతా బీడే. కాల్వ నీళ్లొచ్చి అందరు బాగువడ్డరు. మాకు మాత్రం గడ్డి పోయింది. జీతగాండ్లు దొరుకుతలేరు. నా మోకాళ్లా, వీటి ఎంబడి తిరుగుమంటే తిరగయ్" అంది. దుంబా అయితే కట్టేసిన చోటే పెరుగుతుంది. చలికాలంలో చెరుకు కొట్టేటప్పుడు కావలసినంత ఆకు, ఇప్పుడు సుబాబుల్ కొమ్మలు, మొక్కజొన్నలు, తవుడు. అందుకే ఆమెకు దుంబాల మీద అంత ఆశ. ఇవి నిలబడితే తాను గొర్లకాపరిగానే ఉంటుంది.

మల్లేశ్‌కు ఆ నమ్మకం లేదు. తల్లీకొడుకులు అప్పటికే ఒక మాట అనుకున్నారు. ఈ బక్రీద్‌కు దొర ఎనభై వేలకు పోతే మంద ఉంటుంది. పోకపోతే పండుగ దాటగానే దుంబాలతో సహా మొత్తం మందను బేరగాడికి తోలేసి, ఆ డబ్బుతో మల్లేశ్ రెండో ఆటో కొంటాడు. "నేనేమన్న దుష్మన్‌నా అక్కా? అవ్వ గోస సూడలేకనే అంటున్న" అన్నాడు నాతో. ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"పోతడు, ఎందుకు పోడు? అంగడిల అందరి కండ్లు నా దొర మీదనే ఉంటయ్" అంది నర్సవ్వ.

అప్పుడే నేను దొర ఎడమ చెవి గమనించాను. కొస లేదు. కత్తిరించినట్టు అడ్డంగా పోయింది. "ఇదేంది, దెబ్బ తగిలిందా?" అన్నాను.

"దెబ్బ గాదు, మా ఇంటి ఆనవాలు" అని సంబరంగా చెప్పింది. ఎండాకాలం పంట కోశాక నాలుగిళ్ల మందలను కలిపి రైతుల మడుల్లో రాత్రిళ్లు పడుకోబెడతారట, ఎరువు కోసం. నాలుగు మందలు కలిస్తే ఎవరిది ఏదో తెలియాలి. అందుకు ఒక్కో ఇంటికి చెవి మీద ఒక్కో కోత. ఒకరిది చీలిక, ఒకరిది బెజ్జం. నర్సవ్వ ఇంటిది మాత్రం చెవి కొసన బొటనవేలి గణుపంత.

"అంత పెద్ద కోత ఎందుకమ్మా?"

"చిన్న కోతుంటే దొంగోడు దాన్ని ఇంకింత కోసి తనది అంటడక్కా. అందుకే మా మామ అందరికంటె పెద్దది పెట్టిండు. ఇగ దాని మీద ఎవ్వడేం కోస్తడు?" అని నవ్వింది. "ఆదివారం కొత్త పిల్లలకు కోస్తం. రెండు దుంబా పిల్లలు కూడ ఉన్నయ్. ఉండు, సూస్తవ్."

మా వైపు రంగు పూస్తాం, అంతే. ఎంత తెలివైన ముసలాయనో అనుకుంటూ పుస్తకంలో రాసుకున్నాను. ఆ కోత ఏం తెచ్చిపెడుతుందో అప్పుడు నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు.

బోధన్: అంగడి

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బయలుదేరాం. ముందు మల్లేశ్, వెనక తడి గోనెసంచుల మీద దొర, అటూ ఇటూ నర్సవ్వా నేనూ. దారిలో నేను కాసేపు చెరుకు తోటల వైపు చూస్తూ పరాకుగా ఉన్నాను. ఈలోగా దొరగారు నా పుస్తకంలో రెండు పేజీలు నమిలేశారు. నిజామాబాద్‌లో రాసుకున్న ధరలన్నీ ఆ పేజీల్లోనే ఉన్నాయి. పైన చెప్పిన లెక్కల్లో తేడా వస్తే ఆ దొరనే అడగండి.

మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం చాలా దూరం నుంచే కనబడింది. అంగడిలో అడుగు పెట్టగానే తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకేసారి చెవిన పడ్డాయి. "కితీలా?" అంటే ఎంతకని. ఆ ఒక్క మాట నేర్చుకుని నేనూ దారిన పోయే ప్రతి మేకకూ "కితీలా, కితీలా" అని అడిగి చీవాట్లు తిన్నాను. మా సంతల్లో పొట్టేలు వీపు మీద చెయ్యి వేసి వెన్నెముక తగులుతుందా లేదా అని చూస్తారు. ఇక్కడ దొర వీపు జోలికి ఎవరూ పోలేదు. వచ్చినవాళ్లందరూ వెనక్కి వెళ్లి తోక కింద చెయ్యి పెట్టి ఎత్తడమే. ఫోన్లలో ఫొటోలు సరేసరి.

పదిన్నర ప్రాంతంలో ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, చంకలో గొడుగు. పేరు యూసుఫ్ సాబ్ అని తర్వాత తెలిసింది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అందులో చక్కెర పాకం కాచేవాడట. ఇప్పుడు గొడుగులూ టార్చిలైట్లూ బాగుచేసే చిన్న కొట్టు. బక్రీద్‌కు ఒక్కసారన్నా దుంబాను ఖుర్బానీ, అంటే దేవుడికి బలి, ఇవ్వాలని ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నాడు. దొరను చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. మల్లేశ్ ఎనభై ఐదు అన్నాడు. ఆయన డెబ్బై ఐదు అన్నాడు. పావుగంటలో ఎనభై దగ్గర ఇద్దరి చేతులూ కలిశాయి. నర్సవ్వ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. 

డబ్బు తీసే ముందు యూసుఫ్ సాబ్ తీరిగ్గా చూసుకున్నాడు. పళ్లు చూశాడు. కళ్లు చూశాడు. నాలుగడుగులు నడిపించి కుంటుందేమో చూశాడు. తోకకు పుండు లేదని తడిమి చూసుకున్నాడు. చివరికి ఉన్నిలో దాగిన ఎడమ చెవి వేళ్ల మధ్య పట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మా, గీ చెవికేమైంది? కుక్క పట్టిందా?"

"కుక్కేంది సాబ్, మేమే కోసినం. మా ఇంటి ఆనవాలు" అంది నర్సవ్వ గర్వంగా.

ఆయన ముఖంలో వెలుగు పోయింది. "చిన్న చీలిక, బొక్క అయితే ఫరక్ లేదమ్మా. మూడోవంతు కంటె ఎక్కువ పోయిందనుకో, ఖుర్బానీకి నడ్వదు. దేవునికిచ్చే జీవానికి ఏ అవయవం తక్కువుండొద్దు. గిది జర పెద్దగుంది" అన్నాడు.

నర్సవ్వకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇన్నేళ్లూ వాళ్ల గొర్రెలను కొన్నది మాంసం బేరగాళ్లే. వాళ్లు చెవి చూడరు. పైగా మామూలు గొర్రె చెవి అరచెయ్యంత ఉంటుంది, గణుపంత కోసినా చాలా మిగులుతుంది. దొర చెవి పొడవంతా కలిపి నాలుగు వేళ్ల వెడల్పే. చెవి చిన్నదైనా నర్సవ్వ తన మామ చెప్పిన కొలతే కోయించింది. ఆమెకు తెలిసిన కొలత అదొక్కటే మరి.

"మూడోవంతు లేదు సాబ్, నేను జెప్తున్న గదా!" అన్నాడు మల్లేశ్. ఉందని ఒకరు, లేదని ఒకరు చుట్టూ చేరి వాదించుకున్నారు. దారంతో కొలవబోతే వంకర చెవి మీద దారం నిలవలేదు.

అంగడి అంచున ఇంటి గడప మీద ఒకావిడ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పేరు రాజవ్వ. ఈ గొడవంతా అక్కణ్ణుంచే చూస్తోంది. "గంత లొల్లి ఎందుకు? ఆకుతోని కొలువుండ్రి" అని లేచి వచ్చింది. రోజూ రేకుముక్క పెట్టి వందల ఆకులు ఒకే కొలతకు కత్తిరించే చెయ్యి అది. తడి బట్టలోంచి పెద్ద తునికాకు ఒకటి తీసి, దొర కుడి చెవి కింద పరిచి, చుట్టూ కత్తెర ఆడించింది. అచ్చం చెవి ఆకారంలో ఆకు తయారైంది. దాన్ని అడ్డంగా మూడు సమాన మడతలు పెట్టి విప్పింది. ఆకు మీద రెండు గీతలు పడ్డాయి. పై గీత, అంటే కొస వైపు గీత దగ్గర కోత ఉంటే సరిగ్గా మూడోవంతు పోయినట్టు. కోత గీతకు పైన ఉంటే దొర పాస్, కింద ఉంటే ఫెయిల్. ఎవరికీ అభ్యంతరం లేని కొలత.

రాజవ్వ ఆ ఆకును కోసిన చెవి మీద పెట్టింది. అందరూ తలలు వంచారు. కోత గీతకు కొద్దిగా పైనే ఉంది!

"సూసిండ్రా! మూడోవంతు లేదు" అని మల్లేశ్ ఎగిరాడు. యూసుఫ్ సాబ్ "షుకర్" అంటూ లోపలి జేబులో చెయ్యి పెట్టాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లు పార్సిళ్లు తూచినదాన్ని. తూకంలో తేడా ఉంటే నా కంటికి దొరుకుతుంది. రాజవ్వ ఆకు పెట్టేటప్పుడు దాని మొదలును చెవి మొదట్లో కాకుండా ఉన్ని లోపలికి వేలెడు జరిపింది. ఆకు కిందికి జరిగితే గీతా కిందికే జరుగుతుంది కదా. పాపం, సాటి ఆడమనిషికి మేలు చేద్దామనే జరిపి ఉంటుంది. నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. నర్సవ్వ మంద నిలబడాలని నాకూ ఉంది మరి.

"ఆగు సాబ్" అంది నర్సవ్వ.

ఆ గొంతు నేను అంతవరకూ విననిది. "ఆకు ఊలులకు పోయింది. చెవి మొదలు గాడ గాదు, గీడ" అంటూ ఉన్ని పక్కకు తీసి ఆకును పైకి లాగింది. గీత కోతను దాటి పైకొచ్చింది. మూడోవంతు కంటే ఎక్కువే పోయింది. 

"అవ్వా, నీకు పిచ్చా?" అని అరిచాడు మల్లేశ్. "నోరు మూసుకుంటే ఏమైతుండె?"

"ఏమైతుండెనా? నేను తోక ఎత్తి పట్టి పుట్టించినరా దీన్ని! ఆయన దేవునికి ఇస్తుండు. దొంగకొలత మీద తోలిస్తనా? గా పాపం నాకు తాకదా?" అంది. కోపంగానే అంది, కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు. నాకు తల ఎత్తి ఆమెను చూడాలంటే సిగ్గేసింది.

యూసుఫ్ సాబ్ గొడుగు మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. దొర వీపు ఒకసారి నిమిరాడు. తర్వాత జేబులోంచి రెండు ఐదువందల నోట్లు తీసి నర్సవ్వ ముందు పట్టుకున్నాడు. "అమ్మా, గీ పండుగకు మామూలు పొట్టేలు తీస్కుంట. వచ్చే బక్రీద్‌కు మాత్రం నీ ఇంట్ల పుట్టిన దుంబానే కావాలె. రెండు చెవులు పూరాగ ఉండాలె. గిది బయానా" అన్నాడు.

మల్లేశ్ వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోగా నర్సవ్వ ఆ నోట్లను రెండు చేతులతో తీసుకుని, కళ్లకద్దుకుని, నడుముకున్న సంచిలో దోపేసింది.

"అవ్వా! మంద అమ్ముదమనుకున్నం గదా!"

"బయానా పట్టిన. ఇప్పుడు మంద అమ్మి, సాబ్‌కు ఏం ఇస్తవ్? నీ ఆటోనా?" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

బయానా అంటే అడ్వాన్సే, కానీ ఆ అంగడిలో అది మామూలు విషయం కాదు. నలుగురిలో పట్టినాక మాట తప్పితే మళ్లీ ఆ అంగడిలో ఆ ఇంటివాళ్లను ఎవరూ నమ్మరు. మల్లేశ్ చుట్టూ ఉన్న ముఖాల వైపు చూసి ఆటో స్టార్ట్ చేయడానికి వెళ్లిపోయాడు. పక్కనే నిలబడిన రాజవ్వ "మొండి ముండ" అంది మెల్లగా, ఎంతో మెచ్చుకోలుగా.

తిరుగు దారి

ఆటోలో దొర మళ్లీ మా మధ్యే. నర్సవ్వ మొదట గొప్పగానే కూర్చుంది. ఊరు దాటాక భోరున ఏడ్చింది. "ఎనబై వేలక్కా! చేతిలకొచ్చిన పైసలు. నా నోరు పడిపోను, ఎందుకన్ననో!" అని తనను తానే తిట్టుకుంది.  ఆకు జరగడం నేను కూడా చూశానని చెప్పాను, చూసి ఊరుకున్నానని. ఆమె ఏడుపు ఆపి నా వైపు ఒక చూపు చూసింది. "నువ్వన్న సుకంగ నిద్రపోతవ్ తియ్" అంది. నిజానికి ఆ రోజు నేనూ నిద్రపోలేదు.

ఖాజాభాయికి ఫోన్ చేసి చెబితే తల బాదుకున్నాడు. "చెవి కొయ్యొద్దని నేను చెప్పాల్సుండె మేడం. కోస్తరని నాకేమెరుక? మేం ఎన్నడు కొయ్యం. అందుకే తట్టలేదు" అన్నాడు. ఇరవై మైళ్ల దూరంలో ఉన్న రెండు ఇళ్లు, ఒకే జీవాన్ని పెంచుతున్నాయి. ఒకరు కోస్తారని వీళ్లకు తెలియదు, కోయకూడదని వాళ్లకు తెలియదు.

ఇంటికి చేరగానే మల్లేశ్ దొరను కొట్టంలో కట్టేసి, కూలర్‌లో నాలుగు బిందెల నీళ్లు పోసి స్విచ్ వేశాడు. తర్వాత బేరగాడికి ఫోన్ చేశాడు. "ఈ ఏడు గాదన్నా. బయానా పట్టింది మా అవ్వ... ఆ, గంతే... ఏం జేస్తం మరి" అన్నాడు. వసారాలో కూర్చుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటూ నేను ఆ మాటలు విన్నాను. ఆ పచ్చిపులుసు రుచి ఇంకా నాలుక మీద ఉంది.

మా తమ్ముడికి కూడా ఒక దుంబా పిల్ల కావాలని నర్సవ్వను అడిగాను. "ముందు తోక ఎత్తుడు నేర్సుకొమ్మను, తర్వాత సూద్దాం" అంది.

కోటగిరి: ఆదివారం

చెవులు కోసే రోజు ఆ నాలుగిళ్లలో చిన్న పండుగే. పొద్దున్నే వాకిళ్లు అలికారు. బెల్లం వేసి అన్నం వండారు. గాయానికి అద్దడానికి గిన్నె నిండా పసుపు, ఆ నేలలో పండిన పసుపే, ఘాటుగా. కోసేది నర్సవ్వ మరిది శాయిలు. అందరిళ్ల గొర్రెపిల్లలకూ ఆయన చెయ్యే. మడతకత్తిని గరుకురాయి మీద నూరుకుంటూ ఒక్కో వాకిలీ తిరిగి వస్తున్నాడు. చీలిక వాళ్లకు చీలిక, బెజ్జం వాళ్లకు బెజ్జం. పిల్లలు ఒక్క క్షణం అరిచి, పసుపు పడగానే తల్లుల దగ్గరికి పరిగెడుతున్నాయి.

నర్సవ్వ వాకిట్లో పదకొండు పిల్లలు. రెండు దుంబా పిల్లలు, తొమ్మిది మామూలువి. శాయిలు వచ్చి కూర్చుని చెయ్యి చాపాడు. నర్సవ్వ ఒక దుంబా పిల్లను ఒళ్లోకి తీసుకుంది కానీ అందివ్వలేదు.

"మావి కొయ్యకు శాయిలూ" అంది.

"దుంబాలు రెండు విడిచిపెట్టు. మిగిలినయన్న కోద్దాం."

"మిగిలినయి కూడ వద్దు. ఒక్కటి కూడ వద్దు."

శాయిలుకు కోపం వచ్చింది. తన తండ్రి పెట్టిన కోత అది. "నాలుగు మందలు కలిసినంక నీ పిల్లను ఎట్ల గుర్తువడ్తవ్ వదినా? రేపు తప్పిపోతే ఏమని అడుగుతవ్?" అన్నాడు. వసారాలో ఉన్న మల్లేశ్ కూడా లేచి వచ్చాడు.

నాకు నోరు ఊరుకోదు కదా. "రంగు పూయండమ్మా. మా వైపు అంతా రంగే" అన్నాను.

"రంగు ఒక్క వానకు పోతదక్కా" అని నన్ను కొట్టిపారేసి, నర్సవ్వ శాయిలు వైపు తిరిగింది. ఒళ్లో ఉన్న పిల్ల చెవులు రెండూ రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది. ముందు రోజంతా ఇదే ఆలోచించి ఉంటుంది. మాట తడుముకోలేదు.

"మీరు మూడిండ్లోల్లు కోస్తరు గదా. నాలుగు మందలల్ల చెవి కొయ్యనిది ఏదుంటే గదే మాది. మిమ్ముల మించిన పెద్ద ఆనవాలు మా మామ పెట్టిండు. దొంగోడు చెవి కొయ్యగలడు గని, కోసిన చెవిని అతుకవెట్టలేడు. గిది ఇంక పెద్దది."

శాయిలు ఆ చెవులను తానూ ఒకసారి పట్టి చూశాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా తండ్రి ఉన్నా నీతోని గెల్వకపోతుండె వదినా" అన్నాడు. మల్లేశ్ నవ్వాడు. అంగడి నుంచి వచ్చాక అతను నవ్వడం అదే మొదటిసారి.

నర్సవ్వ పసుపు గిన్నె పక్కకు జరిపి పిల్లను కింద వదిలింది. అది ఒకసారి తల విదిలించుకుని, రెండు చెవులూ టపటపలాడిస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తింది.